అడగని గడి

మూడు సెట్లు కావాలన్నాడు, ఊరి చివర ఇళ్ళ స్థలాలు అమ్మే ప్లాట్లాయన మనిషి. ఒకటి ఎన్నికల అధికారికి, ఒకటి ఎదుటి పక్షానికి, ఒకటి తమ దగ్గర ఉంచుకోవడానికి. పేజీలకు నంబర్లు వేసి, ముందు విషయసూచిక రాసి, ఎడమవైపు పైమూల చిల్లు పొడిచి ట్యాగు కట్టాలి.

"పన్నెండు లోపు కావాలక్కా. ఆ తర్వాత అధికారి సీట్లో ఉండడు" అని కట్టని బల్ల మీద పెట్టి, ఎదురు కొట్లోకి టీ తాగడానికి వెళ్ళాడు.

పురపాలక కార్యాలయం ప్రహరీని ఆనుకుని, రేకుల పంచ కింద ఐదు బల్లలున్నాయి. మూడోది ఆమెది. జనన ధ్రువపత్రం దగ్గర్నుంచి మరణ ధ్రువపత్రం దాకా మనిషికి కావలసిన దరఖాస్తులన్నీ రాస్తుంది కాబట్టి ఊళ్ళో అందరికీ ఆమె కాగితాలక్క. ఆ బల్ల మామగారిది. బల్లతో పాటు ఆయన మాట కూడా ఒకటి ఆమెకు వచ్చింది. "గడి ఖాళీగా వదిలావో, అందులోంచి ఆఫీసువాడు తల దూరుస్తాడు. తెలియకపోతే లేదని రాయి. అర్థం కాకపోతే వర్తించదని రాయి. ఖాళీ మాత్రం వదలకు." పద్దెనిమిదేళ్ళుగా ఆమె రాసిన దరఖాస్తు ఒక్కటి కూడా అసంపూర్తి అన్న ముద్ర వేయించుకుని వెనక్కి రాలేదు. ఆమె బల్ల ముందు జనం బారులు కట్టేది అందుకే.

కట్టను నాలుగు వైపులా బల్లకేసి తట్టి అంచులు సమం చేసింది. తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ ఒక్కో కాగితం తిప్పి, కుడివైపు పైన ఎర్రసిరాతో నంబరు వేయసాగింది. ఈ పనిలో చదవకూడదు. చదివితే చెయ్యి నెమ్మదిస్తుంది, మనసు పాడవుతుంది. ఆమె కళ్ళు కాగితం మూల దాటి కిందికి దిగవు. పది దాకా అలాగే వేసింది.

పదకొండో కాగితం మీద కలం ఆగింది.

అది జెరాక్సు. ఎక్కడో నాలుగైదు చేతులు మారి నలిగిన కాగితానికి తీసిన జెరాక్సు, మధ్యలో మడత గీత నల్లగా పడింది. కానీ ప్రతి జవాబు చివరా ఒక చిన్న అడ్డగీత ఉంది. తను రాసినదాని పక్కన ఇంకెవరూ ఇంకో మాట ఇరికించకుండా కాగితాలక్క పెట్టే గీత అది. ఐదు బల్లల్లో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. అనుకోకుండా అద్దం ఎదురైనట్టు ఆమె ఉలిక్కిపడి, మొదటిసారి ఇతరుల కట్టలో కాగితం చదివింది.

వంతెన అవతలి దేశపు పాస్‌పోర్టు గడువు పొడిగించమని పెట్టుకున్న దరఖాస్తు. పెట్టుకున్నది వెనక వీధుల కౌన్సిలర్ ఆయమ్మ. 'పౌరసత్వం' అన్న గడిలో అవతలి దేశం పేరు. పక్కన చిన్న అడ్డగీత.

పన్నెండో కాగితం తిప్పింది. అదీ ఆయమ్మదే. నాలుగు నెలల కిందట కౌన్సిలర్ పదవికి వేసిన నామినేషన్‌తో పాటు ఇచ్చిన ప్రకటన. 'మరే ఇతర దేశపు పౌరసత్వమైనా కలదా?' అన్న ప్రశ్న ఎదుట 'లేదు'. పక్కన అదే చిన్న అడ్డగీత.

రెండు కాగితాలూ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. రెండోదాన్ని రాసిన రోజు బాగానే గుర్తుంది. నామినేషన్లకు చివరి రోజు. గేటు దాకా వరుస. మూడింటికి తలుపు మూస్తారు, అప్పటికి రెండు దాటింది. ఆయమ్మ ముందు స్టూలు మీద కూర్చుని, ఫోటోలు తడిసిపోకుండా రుమాల్లో చుట్టి పట్టుకుంది. తను పేరు, వయసు, ఓటరు నంబరు అడిగి రాసుకుంది. ఆ తర్వాతి పేజీ అంతా చెయ్యి దానంతట అదే పరుగెత్తింది. లేదు, లేదు, లేదు, వర్తించదు. ఆయమ్మ నవ్వుతూ, "నాకు లేనివి ఇన్ని ఉన్నాయని నాకే తెలీదు పిల్లా" అంది. తనూ నవ్వింది. మొదటి కాగితం అంతకు ఏడాదిన్నర ముందుది. అది రాసినట్టు, ఇదిగో, కళ్ళతో చూస్తే తప్ప గుర్తు రాలేదు. ఈలోపు ఎన్ని వేల కాగితాలు.

పదకొండు, పన్నెండు అని నంబర్లు వేసింది. పదమూడు, పద్నాలుగు వేసింది. విషయసూచిక రాసింది. దబ్బనంతో చిల్లు పొడిచి ట్యాగు లాగి ముడేసింది. ప్లాట్లాయన మనిషి వచ్చేసరికి మూడు సెట్లూ బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

"అక్క చేతి పని అక్క చేతి పనే" అని మెచ్చుకుని తీసుకెళ్ళాడు.

పక్క బల్ల మీద టైపు తాత మిషన్‌లో కాగితం సర్దుకుంటూ, తల తిప్పకుండానే అన్నాడు. "పదకొండు దగ్గర అంతసేపు ఆగావేమ్మాయ్?"

"ఏం లేదు తాతా."

"చదివావు. చదవకూడదమ్మా. నేను టైపు కొడతా, గుర్తు పెట్టుకోను. అందుకే డెబ్భై దాటినా నిద్ర పడుతోంది." రోలర్ తిప్పాడు. "ఆ ఆయమ్మకి అవతలి దేశపు పౌరసత్వం ఉందట. రెండు దేశాల మనిషి పదవికి పనికిరాదు, అది చట్టం. ఎన్నిక కొట్టెయ్యమని ప్లాట్లాయన పిటిషన్. పైగా దాచిపెట్టి అబద్ధం రాసిందని కేసు పెట్టమని కూడా కోరాడు. జైలు దాకా వెళ్ళొచ్చు. విచారణ గురువారం."

"తాతా, నువ్వు గుర్తు పెట్టుకోనన్నావుగా."

"పొద్దున్నే కొట్టాను. సాయంత్రానికి మరిచిపోతా."

*

వెనక వీధులకు కుళాయి లేదు. తెల్లవారి ఆరింటికోసారి, సాయంత్రం ఓసారి ట్యాంకరు వస్తుంది. అరగంటలో వెళ్ళిపోతుంది. మంగళవారం కాగితాలక్క అక్కడికి వెళ్ళేసరికి ఆయమ్మ ట్యాంకరు చక్రం మీద ఒక కాలు మోపి నిలబడి, గొట్టం పట్టుకుని ఒక్కో బిందెలోకి మళ్ళిస్తోంది. ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి, నామినేషన్ వేయడానికి ఉద్యోగం వదులుకుంది. నలభై ఒక్క ఓట్లతో ప్లాట్లాయన మీద గెలిచింది. గెలిచాక కూడా ఆమె చేతుల్లో ఆసుపత్రి చురుకుదనం పోలేదు. ఎవరి బిందె ఎంత నిండిందో చూడకుండానే చప్పుడుతో పోల్చుకుంటుంది.

"ఏయ్, నాలుగోదా? నిన్న మీ ఆయన పట్టుకెళ్ళిన రెండూ ఏమయ్యాయి, వాటితోనే స్నానం చేశాడా? ఇన్నాళ్ళకి?" అంది ఒకామెతో. వరుసలో నవ్వులు లేచాయి. అంతలో కాగితాలక్కని చూసింది. "నువ్వేంటి పిల్లా, మీ వీధిలో నీళ్ళు వస్తాయిగా?"

"నీతో మాట్లాడాలక్కా."

"మాట్లాడు. చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే."

"పక్కకి రా."

ఆయమ్మ గొట్టాన్ని ఇంకొకరికి అందించి, తడిసిన చేతులు నడుముకి తుడుచుకుంటూ గోడ పక్కకి వచ్చింది. కాగితాలక్క దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి రెండే మిగిలాయి.

"పదకొండో పేజీ నేనే రాశాను. పన్నెండూ నేనే రాశాను."

ఆయమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక, గోడకి ఆనుకుని నవ్వింది. "పుట్టినప్పట్నుంచీ నా రాత ఎవరో రాస్తున్నారు. ఎవరో ఇన్నాళ్ళకి తెలిసింది."

"నేను నిన్ను అడగలేదక్కా. అడక్కుండా లేదని రాసేశాను. అడిగుంటే ఏం చెప్పేదానివి?"

"పుస్తకం ఉందని చెప్పేదాన్ని. పౌరసత్వమంటే ఏంటో నాకేం తెలుసు? అది దారి చీటీ అనుకున్నా. మా ఆయన అవతలివాడు. పెళ్ళయిన ఏడాదే అక్కడి ఆఫీసువాళ్ళు నాకో నీలం పుస్తకం ఇచ్చారు. అక్కడ అంతే, పెళ్ళాడితే చాలు, వాళ్ళ మనిషివే. ఆయన పోయాక ఇటొచ్చేశా. ఆయన అక్కడే ఉన్నాడు." వేలితో గోడ మీద ఊడిన సున్నం గీకింది. "పుస్తకం చూపిస్తే వంతెన మీద ఆపరు. అది లేకపోతే అనుమతి కోసం మూణ్ణెల్లు తిరగాలి. తిరిగినా ఇస్తారని లేదు. ఏడాదికోసారి వెళ్ళి, ఆ రాయి మీద నాచు గీకి, చుట్టూ గడ్డి పీకి, సాయంత్రానికి వచ్చేస్తా. ఆ మాత్రం దానికి రెండు దేశాల మనిషి అంటే ఎలా? ఒక్క దేశంలోనే కుళాయి రావడం లేదు నాకు."

ట్యాంకరు దగ్గర ఎవరో ఆయమ్మని పిలిచారు. వస్తున్నానన్నట్టు చెయ్యి ఊపింది.

"గురువారం నేను వచ్చి చెప్తాను. నేనే అడక్కుండా రాశానని" అంది కాగితాలక్క.

"ఏం వద్దు." ఆయమ్మ గొంతు మారింది. పక్క మంచం మీద రోగి నిద్రపోతున్నప్పుడు మాట్లాడే గొంతు. "వకీలమ్మాయి అంతా చూసుకుంటోంది. నన్ను కూడా ఒక్క మాట మాట్లాడొద్దంది. శనివారం కౌన్సిల్లో మన వీధుల పైపు ఓటుకి వస్తుంది. అప్పటిదాకా నా సీటు ఉంటే చాలు, తర్వాత ఆ పుస్తకం సంగతి చూసుకోవచ్చు. నువ్వు రాశావని ఎవరికి తెలుసు? ఊరుకో."

"నా వల్ల నిన్ను అబద్ధాలకోరు అంటారక్కా."

"అననీ. ఆసుపత్రిలో అంతకంటే పెద్ద మాటలే పడ్డాను, బెడ్‌పాన్ రెండు నిమిషాలు ఆలస్యమైతే." వెనక్కి నడుస్తూ, మళ్ళీ తిరిగి చూసి అంది. "ఊరుకోవడం కష్టమే. కానీ ఊరుకో."

*

బుధవారం పొద్దుటికి కార్యాలయం గోడ మీద కరపత్రం అంటించారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన ఆడమనిషి బొమ్మ. మొహం ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకి నీళ్ళకోసం లేచినా, నీడకోసం లేచినా ఆ బొమ్మ ఎదురవుతూనే ఉంది.

"తిండి ఇక్కడ, ప్రేమ అక్కడ" అన్నాడు వరుసలో ఒకడు.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడే మందులు వంతెన దాటించేదట" అన్నాడు ఇంకొకడు. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

కాగితాలక్క ముందు ఒక కుర్రాడి తండ్రి కూర్చున్నాడు, బడి మార్పిడి దరఖాస్తు కోసం. ఆమె మొదటి గడి చదివి అడిగింది. రాసింది. రెండోది చదివి అడిగింది. పిల్లవాడికి అంగవైకల్యం ఉందా అని అడిగింది. వేరే బడిలో ఇంతకుముందు పేరు తీసేశారా అని అడిగింది. తండ్రి నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"అవన్నీ లేదని రాసెయ్యక్కా. ఎప్పుడూ నువ్వే రాసేదానివిగా."

"ఉందో లేదో నువ్వు చెప్పాలి."

వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. "ఏంటక్కా, దరఖాస్తా, పెళ్ళిచూపులా?" అన్నారెవరో. పదకొండు అయ్యేసరికి వరుసలోంచి నలుగురు తప్పుకుని టైపు తాత ముందు నిలబడ్డారు. తాత ఆమెవైపు చూసి, కనుబొమలు ఎగరేసి, మిషన్ మీదికి వంగాడు.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది గానీ ముద్ద ఎత్తలేదు. భర్తకి ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ, ఇంట్లో లేడు. అత్తగారు చిరిగిన దిండు గలీబు కుట్టుకుంటూ, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"కలిపినదాన్ని కలుపుతున్నావు. చెప్పు."

కాగితాలక్క చెప్పింది. అత్తగారు విన్నంతసేపూ సూది ఆపలేదు. అయ్యాక దారం పంటితో తెంపింది.

"మీ మామ మాత్రం అందర్నీ అడిగి రాశాడా? అలా అడుగుతూ కూర్చుంటే ఈ ఇల్లు లేచేదా? జనం తమకి తెలియనిది మనకి తెలుసనుకుని వస్తారు. మనకీ తెలీదని వాళ్ళకి తెలీనివ్వకపోవడమే ఈ పని."

"ఆవిడకి జైలు పడుతుందంటున్నారత్తయ్యా."

"ఆవిడేమంది?"

"ఊరుకోమంది."

"మరింకేం?"

కాగితాలక్క కలిపిన అన్నాన్ని పళ్ళెం అంచుకి నెట్టింది. అత్తగారు గలీబుని తిరగేసి కుట్టు చూసుకుంది.

"ఒక మాట అడుగుతాను. రేపు వెళ్తానంటున్నావే, ఆవిడ కోసం వెళ్తున్నావా, నీ కోసం వెళ్తున్నావా?"

కాగితాలక్క పళ్ళెం తీసుకుని లేచింది.

*

ఎన్నికల అధికారి గది చిన్నది. బల్ల మీద అద్దం పలక, దాని కింద పాత క్యాలెండరు కాగితాలు. గోడల వెంట బీరువాలు, వాటి మీద గుడ్డలో కట్టిన దస్త్రాలు పైకప్పు దాకా. జనానికి తలుపు పక్కన ఒకే ఒక బెంచీ. కాగితాలక్క బెంచీ చివర కూర్చుంది. గోడవైపు ఫ్యాను గాలి రావడం లేదు.

ఆయమ్మ ముందు కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉంది. పక్కన వకీలమ్మాయి, చదువైపోయి రెండేళ్ళు కూడా అయినట్టు లేదు, ఫైలు మీద రెండు చేతులూ పరచి పెట్టుకుంది. అటువైపు ప్లాట్లాయన, ఆయన వకీలు. కాగితాలక్క కట్టిన ట్యాగు అధికారి వేళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతోంది.

"పదకొండో పేజీ" అన్నాడు అధికారి. "ఇది జెరాక్సు. మూలప్రతి ఏది?"

"అవతలి దేశపు కార్యాలయం ఇవ్వదు సార్" అన్నాడు ప్లాట్లాయన వకీలు. "ప్రయాణాల ఏజెంటు దగ్గర మిగిలిన కాపీ. సంతకం చూడండి. నామినేషన్ మీద ఉన్న సంతకమే."

వకీలమ్మాయి లేచింది. గొంతు సన్నగా ఉంది గానీ తొణకలేదు. "సంతకం ఎక్కడిదైనా తెచ్చి అతికించి జెరాక్సు తీయొచ్చు సార్. ఇది నిజంగా ఈవిడ పెట్టుకున్న దరఖాస్తేనని చెప్పే మనిషి ఎవరు? ఏజెంటు ఏడీ?"

"ఏజెంటు ఊళ్ళో లేడు సార్."

"ఇంకెవరైనా సాక్షి?" అని అడిగాడు అధికారి.

ప్లాట్లాయన వకీలు కాగితాలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. అధికారి గోడ గడియారం చూసి, కలం మూత తీశాడు. పక్కన కూర్చున్న స్టెనో పెన్సిలు సిద్ధం చేసుకున్నాడు. అప్పుడా వకీలు కాగితాలు వదిలేసి ఆయమ్మవైపు తిరిగాడు.

"ఆవిడనే అడగండి సార్. ఆ పుస్తకం ఉందా, లేదా?"

"నిరూపించాల్సిన బాధ్యత వాళ్ళది సార్. మా పార్టీ జవాబు చెప్పక్కర్లేదు" అంది వకీలమ్మాయి.

"అదీ సంగతి" అన్నాడు ప్లాట్లాయన వకీలు. " నోరు రాదు సార్. తెలిసి తెలిసి అబద్ధం రాసిన చేతికి నోరెక్కడిది? ఇరవై ఆరేళ్ళు సర్కారు జీతం తిని, ఓట్లు అడుక్కుని, లోపల ఇంకో దేశం పుస్తకం. ఆసుపత్రిలోంచి ఏమేం వంతెన దాటాయో, అది వేరే విచారణ."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయమ్మ కదలలేదు. మెడ వెనక మాత్రం చెమట చుక్క ఒకటి దిగి రవికె అంచులో ఇంకిపోయింది. ఆ చెమట చుక్కను కాగితాలక్క చూసింది. లేచి నిలబడినట్టు ఆమెకి తెలియలేదు.

"అయ్యా, ఆ చెయ్యి ఆవిడది కాదు. నాది."

గది మొత్తం తలుపువైపు తిరిగింది. ఆయమ్మ కూడా తిరిగింది. తల కొద్దిగా, అడ్డంగా ఊపింది. కాగితాలక్క అది చూసింది గానీ మాట అప్పటికే బయల్దేరిపోయింది.

"నేను బయట మూడో బల్ల దగ్గర దరఖాస్తులు రాస్తాను. ఆ ప్రకటన నేను రాశాను. ఆవిడని అడక్కుండా లేదని రాశాను. ఆవిడకి చదివి వినిపించలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదయ్యా, నేనడగలేదు."

అధికారి కలం కిందపెట్టాడు. "ముందుకు రండమ్మా. పన్నెండో పేజీ గురించేనా మీరు చెప్తున్నది?"

"అవునయ్యా."

"మీదేనని ఎలా చెప్పగలరు?"

"జవాబు చివర గీత ఉంటుంది చూడండి. నేనలా పెడతాను. ఎవరూ పక్కన ఇంకో మాట చేర్చకుండా."

అధికారి కళ్ళజోడు సర్దుకుని పేజీ దగ్గరగా పెట్టుకున్నాడు. అంతలో ప్లాట్లాయన వకీలు నెమ్మదిగా నాలుగడుగులు వేసి వచ్చి, తన సెట్టులో ఒక పేజీ వెనక్కి తిప్పి, కాగితాలక్క కళ్ళముందు పట్టుకున్నాడు. ఇప్పుడతని గొంతులో వేడి లేదు. కూతురితో మాట్లాడినంత మెత్తగా అడిగాడు.

"మరి ఇది ఎవరి రాత తల్లీ?"

పేజీ మూల తను ఎర్రసిరాతో వేసిన పదకొండు. మధ్యలో మడత గీత. ప్రతి జవాబు చివరా అడ్డగీత. వకీలమ్మాయి "అభ్యంతరం సార్, ఈవిడ సాక్షి కాదు" అంటోంది. అధికారి చెయ్యెత్తి ఆమెని ఆపాడు.

"చెప్పండమ్మా."

అబద్ధం రాయడం ఆమెకి వచ్చు. పద్దెనిమిదేళ్ళుగా తెలియకుండానే రాస్తోంది. నోటితో చెప్పడం ఎప్పుడూ అవసరం పడలేదు.

"నాదేనయ్యా" అంది.

"ఎవరి కోసం రాశారు?"

"ఆవిడ కోసమే."

వకీలమ్మాయి ఫైలు మూసింది. ఆ చప్పుడు చిన్నదే. అధికారి మళ్ళీ కలం అందుకుని, స్టెనోవైపు తిరిగి, ఒక్కో మాటా తూచి చెప్పాడు. పదకొండో పేజీ రాసిన వ్యక్తి స్వయంగా హాజరై ధ్రువీకరించినందున దానిని సాక్ష్యంగా స్వీకరించడమైనది. నామినేషన్ నాటికి అభ్యర్థికి ఇతర దేశపు పౌరసత్వం ఉన్నట్టు రుజువైనందున ఎన్నిక చెల్లదు. స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించడమైనది. తప్పుడు ప్రకటన ఉద్దేశపూర్వకం కాదని రాసిన వ్యక్తి వాంగ్మూలం వల్ల తేలినందున కేసు అవసరం లేదు.

బయట వసారాలో వకీలమ్మాయి కాగితాలక్కకి ఎదురుగా నిలబడింది. ఏడుపు ఆపుకుంటున్న పిల్లలా ముక్కు ఎర్రబడింది.

"ఐదు నిమిషాలండీ. ఇంకో ఐదు నిమిషాలు కూర్చునుంటే చాలు. సాక్షి లేడని పిటిషన్ కొట్టేస్తున్నాడు. కేసూ ఉండేది కాదు, ఏదీ ఉండేది కాదు. ఆయన కలం తీసింది అందుకే."

కాగితాలక్క ఆయమ్మవైపు చూసింది. ఆయమ్మ సంచిలోంచి చెప్పులు తీసి నేల మీద వేసుకుని, ఒక్కో కాలూ పెట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"పదమ్మా" అంది వకీలమ్మాయితో. "సాయంత్రం ట్యాంకరు వచ్చే వేళయింది."

*

శనివారం కౌన్సిల్లో వెనక వీధుల పైపు ప్రస్తావన ఎత్తేవాళ్ళు లేక పక్కకి పోయింది. ఆ పైపు కొత్త ప్లాట్లవైపు వేస్తారని సోమవారం గోడ మీద నోటీసు అంటించారు. రెండు పడవల బొమ్మ మీదే అంటించారు. చుట్టూ పడవల అంచులు కనిపిస్తున్నాయి.

కాగితాలక్క బల్ల ముందు వరుస చిన్నదైంది. ముగ్గురు. వాళ్ళు కూడా టైపు తాత దగ్గర రద్దీ ఎక్కువై ఇటు వచ్చినవాళ్ళు. ఆమె ప్రతి గడీ గట్టిగా చదివి, జవాబు విని, రాస్తోంది. ఎదురుగా కూర్చున్న ముసలాయనకి చెవుడు. ఒక్కో ప్రశ్నా రెండుసార్లు చదవాల్సి వస్తోంది.

పదింటికి ఆయమ్మ వచ్చింది. చేతిలో నీలం పుస్తకం. మూడో బల్ల ముందు నడుస్తూ ఆగలేదు. నేరుగా వెళ్ళి టైపు తాత ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది వదులుకుంటున్నానని రాయాలి తాతా. అవతలి ఆఫీసుకి."

తాత ఓరకంట మూడో బల్ల వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "వదులుకుంటే మాత్రం ఏం లాభం ఆయమ్మా? వచ్చే నెల మళ్ళీ ఎన్నిక. వాళ్ళు ఒప్పుకున్నామని కాగితం పంపేసరికి ఏడాది పడుతుంది. ఆ కాగితం చేతికొచ్చేదాకా నువ్వు వాళ్ళ మనిషివే, చట్టం ప్రకారం."

"తెలుసు. వకీలమ్మాయి చెప్పింది. ఈ ఎన్నిక పోతుంది. ఐదేళ్ళ తర్వాతిదానికి అందుతుందిగా."

"అప్పటికి నీకు..."

"అరవై మూడు. ట్యాంకరు చక్రం ఎక్కగలను."

"మరి అటు వెళ్ళడం? పుస్తకం ఇచ్చేస్తే వంతెన దాటనివ్వరు నిన్ను."

ఆయమ్మ పుస్తకం అట్టని అరచేత్తో ఒకసారి తుడిచింది. "నాచు పెరుగుతుంది. పెరగనీ."

తాత మిషన్‌లోకి ఫారం ఎక్కించాడు. రోలర్ గిరగిరా తిరిగింది. పేరు అడిగాడు. పుస్తకం నంబరు చూసుకుని కొట్టాడు. వయసు అడిగాడు. ఆ తర్వాత అతని వేళ్ళు అలవాటైన దారి పట్టాయి. నేరాలున్నాయా, బాకీలున్నాయా, ఆస్తులున్నాయా. పెదాలు కూడా కదపకుండా, గడి మీదికి రోలర్ జరపడం, మీటలు కొట్టడం. లేవు. లేవు. లేవు. కాగితాలక్క చెవులకి ఆ చప్పుడు తెలుసు. ఆ మాట ఎంత పొడుగు ఉంటుందో, ఎన్ని మీటలో తెలుసు. తన ముందున్న ముసలాయన ఏదో చెప్తున్నాడు, వినిపించడం లేదు. గురువారం బెంచీ చివర నుంచి లేచినట్టే లేవబోయింది. బల్ల అంచు పట్టుకుంది. ఊరుకోమని చెప్పిన గొంతు గుర్తొచ్చింది. రోలర్ మళ్ళీ జరిగింది. ఆ ఫారం ఆమెకి కంఠతా వచ్చు. తర్వాతి గడి ఏదో కూడా తెలుసు.

"తాతా."

వేళ్ళు గాల్లో ఆగాయి.

"ఆ గడి ఆవిడని అడుగు."

తాత కళ్ళజోడు తీసి, పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. రేకుల పంచ కింద నిలబడ్డవాళ్ళు మాటలు ఆపారు. ఆయన ఫారం మీదికి వంగి, బళ్ళో పిల్లవాడిలా కూడబలుక్కుంటూ చదివాడు.

"ఆ దేశంలో... మీకు సంబంధించినవారు... ఎవరైనా ఉన్నారా?"

ఆయమ్మ తల తిప్పి, గురువారం తర్వాత మొదటిసారి, కాగితాలక్కని చూసింది. తర్వాత తాతవైపు తిరిగింది.

"ఉన్నాడు" అంది.

"పోయినవాళ్ళు ఇందులోకి రారమ్మా. బతికున్నవాళ్ళని అడుగుతున్నారు."

ఆయమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది. పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచింది.

"అయితే లేరనే కొట్టు."

తాత కొట్టాడు. కాగితాలక్క ముసలాయన దరఖాస్తు మీదికి వంగి, తర్వాతి గడి వెతుక్కుని, ఆయనకి వినిపించేలా గట్టిగా చదివింది.